జారునీళ్ళు

దుమ్ముకు ముందు 52వ రోజు

తెల్లారగానే పైకెక్కి ఎండపలకలు తుడిచాను. రెండు గంటల్లో ఎండ ముదిరింది. అందరితోపాటు గనిలోకి దిగిపోయాను. నూట పద్దెనిమిది మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్ళు.

తర్వాత పొరల గది. నలభై దొంతులు. ఒక్కో దొంతిలో వేల బొగ్గు పొరలు, అప్పడాల కట్టలా ఒకదానిమీద ఒకటి. ఎండ ఉన్నంతసేపూ అయాన్లు ఆ పొరల మధ్యకు దూరతాయి. ఎండ పోయాక బయటికి వస్తాయి. ఆ రాకపోకలే మాకు కరెంటు. గాలి పంకాలు, నీటి పంపులు, మందుల చల్లపెట్టె, ఈ గనిలో ఉన్న రెండువందల పద్నాలుగు మంది ఊపిరి, అన్నీ వాటిమీదే నడుస్తాయి.

ఇరవై ఆరేళ్ళుగా నా పని ఒకటే. ఒక్కో దొంతికీ తగిలించి ఉన్న గోరంత నమూనా ముక్కను తీసి, అయస్కాంతం పెట్టెలో పెట్టి, తెర మీద గీత చూడటం. గీత సన్నగా ఉంటే పొరల మధ్య అయాన్లు చక్కగా తిరుగుతున్నట్టు. లావైతే ఇరుక్కుపోయినట్టు. మూడు గడుల వెడల్పు ఉంటే మంచిది. ఆరు దాటితే ఆ దొంతిని నమ్ముకోలేం.

ఈ రోజు ఏడో దొంతి గీత నాలుగు గడులు. తీసి మళ్ళీ పెట్టి చూశాను. నాలుగే. నా కళ్ళు అలిసిపోయాయేమో అనుకున్నాను. అయినా రాసి పెడుతున్నాను.

దుమ్ముకు ముందు 49వ రోజు

కళ్ళు కాదు. ఏడు, పన్నెండు, పదమూడు, ఇరవై ఒకటి. నాలుగు దొంతులు లావెక్కాయి. ఏడోది ఐదు గడులకు వచ్చింది.

నాకు అర్థం కానిదేమిటంటే, పది రోజుల కిందటే అన్నిటికీ జారునీళ్ళు పోశాను. మా అయాన్లు ఉప్పులో ఉండే చిన్న అయాన్ల లాంటివి కావు. ఒక్కోదానికి నాలుగు పొడవాటి తోకలుంటాయి. పొరల మధ్య సందు ఆ తోకలకు చాలీచాలనిది. అందులో జారునీళ్ళు పలచగా పరుచుకుంటే తోకలు చిక్కుపడకుండా జారతాయి. లేకపోతే అయాన్లు పొరకు అతుక్కుని కదలకుండా పడుంటాయి. అందుకే దుమ్ముకాలానికి రెండు నెలల ముందు, ఏడాదికోసారి, దొంతికి ఒక గ్లాసు చొప్పున పోస్తాం. పోసిన నెలలో గీతలు ఏడాది మొత్తంలోకీ సన్నగా ఉండాలి. ఈసారి తలకిందులుగా ఉంది.

దుమ్ముకాలంలో నలభై రోజులకు పైగా సూర్యుడు కనిపించడు. అప్పుడు మాకున్నది ఈ దొంతులే.

దుమ్ముకు ముందు 46వ రోజు

పెంచలయ్య మామను రమ్మని కబురు పెట్టాను. ఈ దొంతులన్నీ కట్టింది ఆయనే, నాకు గీతలు చదవడం నేర్పిందీ ఆయనే. డెబ్బై ఆరేళ్ళు. మూడేళ్ళ కిందట మంచం దిగలేని మనిషి, ఇప్పుడు గోడ పట్టుకుని తనంతట తనే నడిచొచ్చాడు.

ఈపాటికి లావెక్కినవి తొమ్మిది. ఆ గీతలన్నీ చూశాడు.

"తోకలు చిక్కుపడినాయి అమ్మీ," అన్నాడు చివరికి. "మెల్లగా ఎచ్చబెట్టి చూడు. ఎచ్చగైతే అవే కదుల్తాయి."

దుమ్ముకు ముందు 44వ రోజు

ఏడో దొంతిని నిన్న పొద్దంతా వెచ్చబెట్టాను. సాయంత్రానికి గీత మూడున్నర గడులకు తగ్గింది. సంతోషపడటానికి కూడా ఓపిక లేక అన్నం తిని పడుకున్నాను. ఈ రోజు చూస్తే ఐదున్నర.

దుమ్ముకు ముందు 43వ రోజు

పన్నెండో దొంతికి వేడి ఇంకొంచెం పెంచాను. మధ్యాహ్నానికి గదంతా ఒక రకమైన కంపు. నేను ఎప్పుడూ ఎరగని వాసన. పెంచలయ్య మామ తలుపు దగ్గరే ఆగిపోయాడు. చేపల వాసన అన్నాడు. ఆయన పుట్టింది సముద్రం ఒడ్డున, ఆ ఊరు మునిగిపోకముందు. తోకలు తెగిపోతే ఆ వాసనే వస్తుందట. ఇక ఆ దొంతి లేవదని చెప్పాడు.

ముప్పై తొమ్మిది మిగిలాయి. తప్పు నాదే, తొందరపడ్డాను. ఈ గదిలో ఇరవై ఆరేళ్ళలో దొంతిని చంపడం ఇదే మొదటిసారి.

దుమ్ముకు ముందు 40వ రోజు

అన్నం వరసలో నిలబడ్డాను. నా ముందున్న ముసలామె ఆవులించింది. వెల్లుల్లి వాసన వచ్చింది. వెనకున్న పెద్దాయన కూర ఏమిటని అడిగాడు. ఆయన నోట్లోనూ అదే.

ఈ ఏడు మాకు వెల్లుల్లి పంట లేదు. తెగులు వచ్చి మొత్తం పీకేశాం. వంటింట్లో ఒక్క పాయ కూడా లేదు.

జారునీళ్ళు చర్మానికి తగిలితే కాసేపట్లో నోట్లో వెల్లుల్లి వాసన వస్తుంది. పొరల గదిలో పనిచేసే వాళ్ళకు తప్ప ఆ సంగతి తెలియదు. పొరల గదిలో పనిచేసేది నేనొక్కదాన్నే.

పళ్ళెం అక్కడే పెట్టేసి వచ్చేశాను.

దుమ్ముకు ముందు 39వ రోజు

జారునీళ్ళ పీపాలో నుంచి ఒక గరిటెడు తీసి మందుల చల్లపెట్టెలో పెట్టాను. పక్కనే, ఎప్పుడో తీసి పెట్టుకున్న పాత సీసా అడుగున మిగిలిన నాలుగు చుక్కలు కూడా పెట్టాను. అసలైన జారునీళ్ళు చల్లబడితే కొబ్బరినూనెలా పేరుకుంటాయి. పాత సీసాలోవి పేరుకున్నాయి. పీపాలోవి నీళ్ళలాగే ఉన్నాయి.

ఎవరో తీసుకుంటూ, మట్టం తగ్గకుండా మంచినీళ్ళు పోస్తూ వచ్చారు. ఆ కలగలుపును ఒక్కో గ్లాసు కొలిచి, నలభై దొంతుల్లోనూ నా చేత్తో నేనే పోశాను.

ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలుసు. పీపా ఉండేది మందుల కొట్టులో. దాని తాళం ఖాసింబీ దగ్గర ఉంటుంది. ఆమె మూడో మెట్టులో, అంటే గని అట్టడుగు అంతస్తులో, ముసలివాళ్ళకు ఒళ్ళు పడుతుంది, మందులిస్తుంది. నలభై రెండేళ్ళ మనిషి, ఒంటరిది. మూడేళ్ళ కిందట పెంచలయ్య మామ నొప్పులతో అన్నం మానేసినప్పుడు, ఒక చిన్న సీసాడు జారునీళ్ళు నేనే ఆమెకు ఇచ్చాను, ఆయన మోకాళ్ళకు రాయమని. పాతకాలంలో అలా రాసేవాళ్ళని ఎవరో అనగా విన్నాను. ఆ సంగతి అప్పుడు ఈ పుస్తకంలో రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఖాసింబీ దాచలేదు. ఎన్ని సీసాలు పంచావని అడిగితే లెక్కపెట్టలేదంది, యాభై ఉండొచ్చంది.

"నీళ్ళెందుకు పోసినావు?" అన్నాను.

"పీపా తగ్గితే నువ్వు దిగులు పడతావని. రెండూ ఒకే మాదిరి ఉండె గదా, కలిసిపోతాదిలే అనుకున్నా."

ఆమే మళ్ళీ అంది. "మొదటి సీసా నువ్వే తెచ్చిచ్చినావు అక్కా. అది రాసినాక మామ లేచి కూర్చోని ఏడ్చినాడు. పక్క మంచంలో పడుకున్నోళ్ళు చూస్తాండారు. వాళ్ళకు లేదని ఎట్లా చెప్పేది?"

లేచి వచ్చేశాను.

దుమ్ముకు ముందు 38వ రోజు

ఎవరికీ చెప్పలేదు. లావెక్కినవి పద్నాలుగు.

దుమ్ముకు ముందు 37వ రోజు

ఈ రోజూ చెప్పలేదు. పందొమ్మిది.

దుమ్ముకు ముందు 36వ రోజు

పొద్దున్నే రెడ్డెమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను. గనికి పెద్దగా ఆమెను ఎన్నుకుని నాలుగేళ్ళయింది. నాకంటే పదేళ్ళు చిన్నది. జొన్నపిండి జల్లిస్తూ విన్నది, జల్లెడ ఆపలేదు. సాయంత్రం పొలాలకు వెళ్ళే ముందు అందరినీ పై మెట్టులో కూర్చోబెట్టింది.

ఖాసింబీ లేచి తనే చెప్పింది. గుసగుసలు మొదలయ్యాయి. ఆమెను బయట గుడారాల్లోకి పంపేయాలని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ గుడారాల్లో పగలు మనిషి బతకడు. అప్పుడు నేను లేచి మొదటి సీసా నాదని చెప్పాను. గుసగుసలు ఆగిపోయాయి. దానికంటే తిట్టి ఉంటే బాగుండేది.

నన్ను ఈ పనిలో నుంచి తీసేయమని రెడ్డెమ్మను అందరి ముందూ అడిగాను. సిగ్గుతో అడిగానని అందరూ అనుకుని ఉంటారు. సిగ్గు కొంత ఉంది. మిగిలిందంతా అలుపు.

"తీసేస్తే ఆ గీతలు ఎవరు చదవాలక్కా?" అంది రెడ్డెమ్మ. "ఇంకెవురికీ రాదు గదా. ఖాసింబీని నీ దగ్గరికి పంపిస్తాండా. పోసిన నీళ్ళు ఆమె చేతనే తీయించు."

తర్వాత ముసలివాళ్ళ వైపు తిరిగి, ఎవరి దగ్గర ఎంత మిగిలి ఉంటే అంత తెచ్చివ్వమంది. వాళ్ళెవరూ తల ఎత్తలేదు.

దుమ్ముకు ముందు 35వ రోజు

సీసాలు వచ్చాయి. కొందరు మాట్లాడకుండా గడప దగ్గర పెట్టి పోయారు. కొందరు మనవరాళ్ళ చేత పంపారు. మధ్యాహ్నానికి ముప్పై ఒకటి చేరాయి. కొన్నిటిలో సగం, కొన్నిటిలో అడుగున తడి.

అన్నం వరసలో ఆవులించిన ముసలామె చివరగా వచ్చింది. బొడ్డులో దోపుకున్న సీసా తీసింది. వెచ్చగా ఉంది. ఇచ్చే ముందు మూత తిప్పి, అరచేతిలో ఒక్క చుక్క వేసుకుని, అక్కడే గడప మీద కూర్చుని రెండు మోకాళ్ళకూ రాసుకుంది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఖాసింబీ గోడవైపు తిరిగి నిలబడింది.

దుమ్ముకు ముందు 29వ రోజు

పని ఇలా సాగుతోంది. పీపాలోది కొంచెం కొంచెంగా తీసి, గాలి లాగేసే కుండలో పోసి, పైన ఎండ పళ్ళెం మీద వేడి చేస్తున్నాం. ముందు నీళ్ళు ఆవిరైపోతాయి, జారునీళ్ళు మిగులుతాయి. ఎండ మమ్మల్ని బయట ఉండనిచ్చే రెండు గంటలూ, సాయంత్రం రెండు గంటలూ ఇదే పని. మిగతా పొద్దంతా గదిలో దొంతుల్ని ఒక్కోదాన్నే సన్నగా వెచ్చబెట్టి లోపలి తడి లాగేయడం. తర్వాత అసలైన జారునీళ్ళు పోయడం.

మొదట్లో ఖాసింబీతో మాట్లాడలేదు. ఇది తే, అది పట్టుకో, అంతే. మూడో రోజున ఇరవై ఒకటో దొంతిని వెచ్చబెడుతుంటే, వేడి ఇంకొంచెం పెంచబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. దొంతి పక్కన చేతి వెనకభాగం ఆనించి చూసి, ఇది చాలు అక్కా అంది. వేడిమాపకం ముల్లు ఇంకా వేడి ఆపాల్సిన గీటు దాకా రాలేదు. కాసేపాగి చూస్తే ముల్లు గీటు దగ్గరికి వచ్చి ఆగింది. ఇరవై ఏళ్ళుగా జ్వరాలు చూసిన చెయ్యి.

ఆ దొంతి గీత సాయంత్రానికి మూడు గడులు. మర్నాడు కూడా మూడే.

దుమ్ముకు ముందు 18వ రోజు

ఖాసింబీకి గీతలు చదవడం నేర్పుతున్నాను. లోపల అవి ఎలా తిరుగుతాయని అడిగింది. కంటికి కనిపించవని చెప్పాను. సందు ఇరుకు కాబట్టి పైకీ కిందికీ పోలేవు, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతాయి, తోకలు ఊపుతాయి, వీలు దొరికితే పక్కకు జరుగుతాయి అన్నాను. ఎంత తేలిగ్గా తిరిగితే గీత అంత సన్నం.

"మంచం పట్టినోళ్ళ మాదిరే," అంది. "లేచి నడవకపోయినా ఫరవాలేదు. పక్క మార్చుకుంటాంటే చాలు, ఒళ్ళు చెడిపోదు."

ఇరవై ఆరేళ్ళలో నేను ఎవరికీ ఇంత బాగా చెప్పలేకపోయాను.

దుమ్ముకు ముందు 1వ రోజు

జారునీళ్ళు ఇరవై ఏడు దొంతులకు సరిపోయాయి. పన్నెండు దొంతులు తడారక అలాగే ఉండిపోయాయి. అన్ని మెట్లలో పంకాలు తిరగాలంటే ముప్పై ఐదు కావాలి.

రెడ్డెమ్మ లెక్క విని, మూడో మెట్టు మూసేద్దామంది. అడుగున చల్లగా ఉంటుంది కానీ గాలి అక్కడిదాకా తోయడానికే ఎక్కువ కరెంటు ఖర్చవుతుంది. ముసలివాళ్ళను మంచాలతో సహా పైకి మోసుకొచ్చాం. పెంచలయ్య మామను నేనూ ఖాసింబీ చెరో పక్కా పట్టుకుని ఎక్కించాం. పాతిక మెట్లకోసారి ఆగాం. ఆయనకు నొప్పులు తిరిగొచ్చాయి. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

దుమ్ము 1వ రోజు

మధ్యాహ్నానికి ఆకాశం ఇటుక పొడిలా అయింది. తలుపులు బిగించాం.

దుమ్ము 9వ రోజు

పంకాలు గంట తిప్పి గంట ఆపుతున్నాం. ఒంటిపూట వంట. పిల్లల్ని పరుగెత్తొద్దని చెప్పక్కర్లేకుండా పోయింది, వాళ్ళకే ఓపిక లేదు. గాలి బరువుగా, వాడిన గుడ్డ వాసనతో ఉంది. ఇరవై ఏడు గీతలూ మూడుకీ మూడున్నరకీ మధ్య ఉన్నాయి. రోజుకు రెండుసార్లు చూస్తున్నాం.

దుమ్ము 17వ రోజు

పెంచలయ్య మామకు ఊపిరి అందడం లేదు. పంకా ఆగిన గంటలో పెదవులు నల్లబడుతున్నాయి. ఆయన మంచం పక్కనున్న పంకా ఒక్కటి ఆపకుండా తిప్పొచ్చా అని రెడ్డెమ్మను అడిగాను. అలా తిప్పితే ఆఖరి వారం ఎవరికీ ఉండదని నాకే తెలుసు. ఆమె నా లెక్కలే నాకు చూపించింది. తిరిగి గీతలు చూడటానికి వచ్చేశాను.

దుమ్ము 21వ రోజు

మామకు అన్నం తినిపించడానికి వెళ్ళాను. రెండు ముద్దలు తిని చాలన్నాడు. ఆ సీసా నేను ఇవ్వకుండా ఉండాల్సింది అని అన్నాను. ఎన్నాళ్ళుగానో అనాలనుకున్న మాట.

ఆయన చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

"దాంతో మూడేండ్లు నా కాళ్ళ మింద నేను నడిచినా అమ్మీ," అన్నాడు. "దాన్ని తప్పని నా దగ్గర అనద్దు. దొంతుల కాడ చెప్పుకో పో."

తర్వాత ఎన్ని నిలబడ్డాయని అడిగాడు. ఇరవై ఏడన్నాను. ఫరవాలేదన్నట్టు చెయ్యి కదిలించాడు.

దుమ్ము 22వ రోజు

పొద్దున పంకా తిరుగుతుండగానే మామ పోయాడు. ఖాసింబీ పక్కనే ఉంది. దుమ్ములో బయటికి తీసుకెళ్ళే వీలు లేదు. మూసేసిన మూడో మెట్టులో, ఆయన పాత గదిలోనే పడుకోబెట్టి తలుపు సందులకు మట్టి మెత్తాం.

దుమ్ము 23వ రోజు

ఖాసింబీ పనికి రాలేదు. వెళ్ళి చూశాను. ఆయన ఖాళీ మంచం మీద కూర్చుని ఉంది. నేనే చంపినాను అంది. మనిద్దరం అన్నాను. ఓదార్చడానికి అన్న మాట కాదు, ఉన్న మాట. గీతలు చూసే వేళయింది రమ్మన్నాను. కాసేపటికి లేచి వచ్చింది. ఆమె చదివింది, నేను రాశాను. ఏడో దొంతి మూడున్నర.

దుమ్ము 33వ రోజు

ఇది రాయకుండా వదిలేయొచ్చు. రాస్తున్నాను.

ఈ రోజు మూడో దొంతి గీత మూడు గడులని రాశాను. ఖాసింబీ నా భుజం మీదుగా చూసి, ఆరు అక్కా అంది. కాదన్నాను. మళ్ళీ చూడమంది. ఆరే. నిన్నటి అంకెను చూసి రాసేశాను, తెర వైపు చూడనే లేదు. ఎలా చూడకుండా ఉన్నానో నాకే తెలియదు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

వెంటనే దొంతిని విడదీసి, వెచ్చబెట్టి, సీసాల అడుగున మిగిలింది పోశాం. నాలుగుకు దిగింది. అలాగే వదిలేసి ఉంటే మధ్యాహ్నం రెండో మెట్టు పంకాలు ఆగిపోయేవి. అక్కడ తొంభై మంది ఉన్నారు.

ఎవరికీ చెప్పొద్దన్నాను. "చెప్పను. నువ్వు పొయ్యి కాసేపు పడుకో," అంది. పడుకోలేదు. పడుకుంటే లేవలేనేమోనని భయం.

దుమ్ము 44వ రోజు

సూర్యుడు కనిపించాడు. పల్చగా, పాలు పోసిన నీళ్ళలో ఉన్నట్టు. తలుపులు తీశాం. రెండువందల పదమూడు మంది ఒకరి తర్వాత ఒకరు పైకెక్కారు. సాయంత్రం పెంచలయ్య మామను పైకి తెచ్చి, పొలాల అవతల మట్టి చేశాం. నలుగురు మోశారు. వాళ్ళలో ముగ్గురు ఆయన పక్క మంచాల వాళ్ళ కొడుకులు.

అక్కడి నుంచి వస్తుంటే రెడ్డెమ్మ నా పక్కన నడిచింది. మూడో దొంతి సంగతి ఆమెకు తెలుసు. ఖాసింబీ చెప్పలేదట. తను నా మొహం చూసి అడిగితే, ఖాసింబీ తల దించుకుందట. నేను సంజాయిషీ మొదలుపెట్టాను.

"అక్కా, అదంతా వద్దు," అంది రెడ్డెమ్మ. "ఆ రోజు నువ్వు అడిగినప్పుడు పంపీలేకపోయినా. ఇప్పుడు పంపిస్తాండా. నెల దినాలు పొరల గదిలో అడుగు పెట్టద్దు. ఇంకొకరికి చదవడం వచ్చింది గదా."

ఈ పుస్తకం ఖాసింబీకి ఇచ్చేస్తున్నాను.

ఎండ 3వ రోజు

ఈ పుట నేను, ఖాసింబీ, రాస్తున్నాను. ఇంతదాకా రాసిన చౌడేశ్వరక్క అక్షరాలంత గుండ్రంగా నావి రావు, చదివేవాళ్ళు సర్దుకోవాలి.

ఇరవై ఏడు దొంతులు చూశాను. మూడోది నాలుగు గడులు. మిగిలినవి మూడు, మూడున్నర. తడారని పన్నెండింటిలో ఒకదాన్ని నేటి నుంచి వెచ్చబెడుతున్నాను. వేడి తక్కువే పెట్టాను.

అక్క నిన్న మధ్యాహ్నం పడుకుంది. పొద్దున అన్నం తీసుకెళ్ళి చూశాను. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను చూస్తుండగానే ఇవతలికి తిరిగింది. లేవలేదు. నేనూ లేపలేదు. అన్నం మీద మూత పెట్టి వచ్చాను.